కరిగిపోయే దారం

మొన్న మా మనవడు బడిలో ఎవరితోనో కలబడి, నుదురు చీల్చుకుని ఇంటికి వచ్చాడు. గొడవ పెట్టుకున్నందుకు మా అమ్మాయి వాడిని కొట్టబోయింది. ఈ వయసులో నేను ఎప్పుడు లేచానో, ఎప్పుడు మధ్యకు వెళ్లానో తెలియదు గాని ఆ దెబ్బ నా చెంప మీద పడింది. ఆసుపత్రిలో డాక్టరు వాడి నుదుటికి నాలుగు కుట్లు వేసి, వీటిని విప్పనక్కరలేదు, దారం దానంతటదే కరిగిపోతుందన్నాడు. నెత్తురు ఆగేదాకా గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. ఆగాక నాకు ఏడుపు ఆగలేదు.

మాది సిరిసిల్ల. బాపు, అంటే మా నాన్న, ఒక ఆసామి కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అంతకు ముందు మహారాష్ట్రలో మగ్గాల ఊరైన భీవండికి వలస వెళ్లి, అక్కడ పని పోయి, ఒంటినిండా కోపం మోసుకుని తిరిగి వచ్చిన మనిషి. ఆ రోజుల్లో పిల్లల్ని కొట్టని ఇల్లు ఉండేది కాదని మా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. కాని మా తమ్ముడికి పుట్టుకతోనే నెత్తురు గడ్డకట్టని జబ్బు. పాలపన్ను ఊడితే రెండు రోజులు కారింది. జగిత్యాల డాక్టరు చూసి, వీడికి చిన్న దెబ్బ కూడా తగలనీయకండి అని గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి అమ్మ ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది: తప్పు వాడు చేసినా దెబ్బలు నాకు. బాపు కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. వాడు బెల్లం దొంగిలిస్తే నా వీపు చిట్లేది. వాణ్ణి కనీసం గిల్లడానికైనా వీలులేదని ఎంత మండిపోయేదాన్నో.

కరెంటు కోతలు ఎక్కువైన ఒక ఎండాకాలం మధ్యాహ్నం, బాపుకు అన్నం తీసుకుని నేనూ తమ్ముడూ కార్ఖానాకు వెళ్లాం. అప్పుడే వచ్చిన కరెంటుకు పోగులన్నీ తెగిపోయాయి. బాపు చేతిలో నాడె ఉంది, మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే,  రెండు కొసలకూ ఇనుప మొనలున్న బరువైన కర్ర నాడె. దాన్ని నా మీదికి విసిరాడు. తొమ్మిదేళ్ల తమ్ముడు, అన్నాళ్లు నా వెనక దాక్కున్నవాడు, ఆ రోజు ఎందుకో నా ముందుకు వచ్చాడు. నాడె కణతకు తగిలింది. పైకి చుక్క నెత్తురు కూడా రాలేదు. వచ్చిందంతా లోపలే. సాయంత్రం జగిత్యాల బస్సులో, వేములవాడ దాటిన కాసేపటికి అమ్మ ఒళ్లో పోయాడు.

మర్నాడు బాపు గడ్డపారతో ఆ సాంచాను ముక్కలు చేశాడు. ఆసామి మనుషులు వచ్చి ఆయనను వీధిలోకి ఈడ్చి, పళ్లు రాలేలా తన్నారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను గడప మీద నిలబడి చూశాను. నాకు జాలి కలగలేదు, వాళ్లు ఇంకా కొడితే బాగుండుననిపించింది. తరువాత అమ్మా బాపూ మళ్లీ భీవండి వెళ్లిపోయారు. నన్ను కోరుట్లలో మేనత్త ఉంచుకుని చదివించింది.

చదువయ్యాక హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పని దొరికింది. తమ్ముడి వంటి వాళ్ల ఒంట్లో లోపించిన జన్యువుకు సరైన నకలు తయారుచేసి కణాల్లోకి పంపించే ప్రయత్నం అక్కడ జరిగేది. ఒట్టి జన్యువును పంపితే దారిలోనే ముక్కలవుతుంది. అందుకని కంటికి కనిపించనంత చిన్న పాలిమర్ తొడుగులో చుట్టి పంపాలి. మొదట వాడిన తొడుగులు కరగకపోగా కణాల పొరలు చీల్చేవి. రాత్రికి బాగున్న కణాలు తెల్లారేసరికి శవాల్లా తేలుతుంటే, సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోలేక బయటికి వచ్చేసేదాన్ని. ఆ తరువాత పెరుగు పులుపులో ఉండే ఆమ్లాన్నే గొలుసుగా అల్లిన పాలిమర్ తెచ్చారు. కరిగే కుట్ల దారం కూడా దాని చుట్టమే. లోపలికి వెళ్లి, జన్యువును వదిలి, తాను కరిగిపోతుంది. నూలుకు పెట్టే గంజి గురించి బాపు అనే మాట గుర్తొచ్చింది: పట్టేటప్పుడు పట్టాలె, ఇడిచేటప్పుడు ఇడవాలె.

ఒకసారి బాపు నన్ను చూడటానికి వచ్చాడు. ముసలివాడయ్యాడు, పళ్లు లేవు. నా పని ఏమిటో విని నెమ్మదిగా అడిగాడు.

“గీ మందు మన పోరనికి పనిజేస్తుండెనా బిడ్డా?”

“చేస్తుండె బాపూ. నువ్వు కొట్టకపోతే గీ మందు దాంక బతుకుతుండె.”

అది అబద్ధం. మా తొడుగులు అప్పటికి ఎలుకల్లో కూడా సరిగా పనిచేయలేదు, మనుషుల దాకా ఎన్నడూ రాలేదు. నాకు తెలిసే అన్నాను. జీవితమంతా దెబ్బలు తిన్నదాన్ని, నేను కొట్టింది ఆ ఒక్క దెబ్బే. ఆయన ఆ రోజు కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తువ్వాల భుజాన వేసుకుని ఆ సాయంత్రం బండికే భీవండి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు అప్పటి సాంచాలు చాలామటుకు పాత ఇనుము కింద పోయాయి. ఆ జబ్బున్న పిల్లలు సూది వేయించుకుని బడికి వెళుతున్నారు. కొన్ని దేశాల్లో జన్యువునే మందుగా ఇస్తున్నారని చదివి, తమ్ముడి కోసం సంతోషించాను. మనవడి నుదుటి కుట్లు కరిగిపోయాయి. వేలితో తడిమినా ఎక్కడ వేశారో తెలియడం లేదు. నేను చెప్పింది అబద్ధమని బాపుకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పడానికి ఇప్పుడు భీవండిలో నాకెవరూ లేరు.