సెనేటరు గారి వడ్డీ

ఎమ్మిగనూరులో ఒక రిటైర్డు మాస్టారు ఎనిమిదేళ్లు కూర్చుని నవల రాశారు. పాతకాలపు అమెరికా కథ. ఒక బ్యాంకరు, అతని దగ్గర అప్పు చేసిన ఒక సెనేటరు. బ్యాంకుకు మళ్లీ లైసెన్సు ఇవ్వాలా వద్దా అని సభలో ఓటింగు వస్తుంది. ఇవ్వనివ్వను అని ఊరూరా చెప్పిన సెనేటరు, అప్పు భారానికి నలిగిపోయి, ఆ రోజు బ్యాంకు వైపే చెయ్యెత్తుతాడు. కథంతా ఆ చెయ్యి మీదే నిలబడింది.

సోమవారం ఆదోనిలో అచ్చు మొదలు. అంతకు నాలుగు రోజుల ముందు మాస్టారు నాకు ప్రూఫులు పంపారు. "కథ సంగతి నీకెందుకులేప్పా, లెక్కలు మాత్రం సూడు" అన్నారు ఫోనులో. నేను ఆదోనిలో పత్తి మిల్లు గుమాస్తాను. చదివింది ఎనిమిది. లెక్క మాత్రం తూకాల దగ్గర నిలబడి సొంతంగా నేర్చుకున్నాను. అంకె కనిపిస్తే సరిచూడకుండా పేజీ తిప్పలేను.

నూట నలభయ్యో పేజీలో ఆగిపోయాను. సెనేటరు తీసుకున్నది పదివేల డాలర్లు, నూటికి ఆరు వడ్డీ. పదిహేడు నెలలకు బాకీ ఇరవైవేల రెండువందలు అని రాసి ఉంది. అంటే మాస్టారు ఆ ఆరును నెలకు లెక్కకట్టారు. మా వైపు బయటి అప్పుకు వడ్డీ ఎప్పుడూ నెలకే చెప్తారు, ఏడాది అనే మాటే రాదు. కానీ బ్యాంకు వడ్డీ ఏడాదికి. నా పాస్‌బుక్కులోనూ అంతే. అలా కడితే పదిహేడు నెలలకు వడ్డీ ఎనిమిదివందల యాభై. ఆ సెనేటరు ఒక జత గుర్రాలమ్మితే తీరిపోయేది.

మూడుసార్లు కట్టి చూశాను. మారలేదు. ఫోనులో చెప్పే సంగతి కాదని ఆదివారం బస్సెక్కాను.

మాస్టారు భార్య వసారాలో వేరుశనగకాయలు ఒలుస్తున్నారు. "ఆదివారం పూట వచ్చినావంటే తప్పు దొరికినట్లేనప్పా" అన్నారు.

"ఒకటే ఉందమ్మా."

"ఒకటేనా! ఈయప్పకు పాల లెక్కే రాదు, అమెరికాలో బ్యాంకు నడుపుతాండాడు."

మాస్టారు నవ్వారు. నేను కాగితం మీద కట్టి చూపించాక నవ్వు ఆగింది.

"మా నాయన మగ్గానికి నూలు అప్పు తెచ్చేటోడప్పా" అన్నారు. "అమాస అమాసకూ అప్పిచ్చినాయన మనిషి గడప కాడ నిలబడేటోడు. నాకు వడ్డీ అంటే అమాసే. ఏడాదికొకసారి అడిగే వడ్డీ ఉంటాదని బుర్రకే రాలేదు. రెట్టింపు కావాలంటే ఎన్నాళ్లు పడ్తాది?"

"పదహారేళ్ల ఎనిమిది నెలలు సార్."

"అయితే వానికి ఓటు అమ్ముకోవాల్సిన పనే లేదు గదా." ప్రూఫుల కట్ట మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఎనిమిదేండ్లప్పా."

"ఆ సెనేటరును ఈడికి తోలుకొచ్చి అప్పిప్పిస్తే సరిపాయె" అన్నారు ఆమె. ఎవరమూ నవ్వలేదు. ఆమె కూడా.

నేను వచ్చింది లెక్క చెప్పడానికే. కానీ ఆయన చెయ్యి ఆ కట్ట మీంచి కదలకపోవడం చూస్తే, ఇంట్లో కూడా చెప్పని సంగతి నోట్లోకి వచ్చింది.

"సార్, నాకొక అప్పుండేది. వానకు ఇంటి కప్పు కూలినప్పుడు, ఇంతకుముందు పనిజేసిన మిల్లు ఓనరు నలభైవేలు ఇచ్చినాడు. నీకు వీలైనప్పుడు ఇయ్యి అన్నాడు. మూడేండ్లు అడగలేదు."

"మంచోడే గదా?"

"మంచోడే సార్. అడగలేదు గాబట్టే, ఆయన ఏం జెప్పినా కాదనలేకపోతి. ఆదివారం పనికి రమ్మంటే పోయినా. ఒకసారి ఒక రైతు పత్తి తూకంలో రెండు కిలోలు తగ్గించి రాయమన్నాడు. రాసినా. ఆ రైతు నా దిక్కు సూస్తే, నేను నేల దిక్కు సూసినా."

"వడ్డీ ఎంత?"

"వడ్డీ లేదు సార్."

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "తీర్చేసినావా?"

"ఎప్పుడో తీర్చినా. ఇప్పటికీ ఆయన ఎదురొస్తే భుజం మీది టవలు దింపుతాండా."

ఆయన ప్రూఫుల కట్ట పక్కకు జరిపారు. తర్వాత ఫోను తీసి ప్రెస్సుకు చేశారు. "రేపు వద్దప్పా. ఎప్పుడో చెప్తాలే. లేదు, కథలో అప్పు ఇచ్చేటోడు తొందరపడినాడు, వాన్ని ఆపల్ల."

"ఇంకెన్నేండ్లు?" అన్నారు ఆమె చేట దులుపుతూ.

"లెక్క ఈయప్పనడుగు" అన్నారు మాస్టారు.

ఏడాది మీద మూడు నెలలకు పుస్తకం వచ్చింది. ఇప్పుడందులో బ్యాంకరు పదహారేళ్లూ ఒక్కసారి కూడా బాకీ అడగడు. సెనేటరు తెస్తానన్నా "తొందరేముంది" అంటాడు. ఓటింగుకు ముందురోజు వీధిలో బ్యాంకరు ఎదురొస్తాడు. అతను ఏమీ అడగడు. సెనేటరు తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు.

ఆ పేజీలో అంకెలు లేవు. అయినా రెండుసార్లు సరిచూశాను. తప్పు దొరకలేదు.