దేవమ్మ నవ్వని సినిమా

ఫిల్మ్ నగర్‌లో సినిమా గురించి అభిప్రాయం చెప్పని మనిషి దొరకడు. కారు తుడిచే డ్రైవర్‌కీ ఒకటుంటుంది, కారులో కూర్చునే హీరోకీ ఒకటుంటుంది. అన్నీ విన్నట్టే తల ఊపి, చివరికి నిర్మాత కాశీవిశ్వనాథంగారు అడిగేది ఒక్కటే.

"దేవమ్మ నవ్విందా?"

దేవమ్మ సినిమా మనిషి కాదు. షేక్‌పేట బస్తీలో పుట్టి, పక్క గల్లీలోకి కోడలిగా వెళ్ళిన మనిషి. ఇప్పుడు స్టూడియో గేటున్న చోట చిన్నప్పుడు మేకలు కాసింది. అప్పుడక్కడ బండరాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేవు. "నా మేకలు మేసిన జాగల వీళ్ళు డాన్సులు చేస్తున్నరు" అంటుంది, ఆ నేలంతా తన పట్టా భూమి అన్నట్టు. నిజానికి ఆ మేకలు కూడా ఆమెవి కావు, మేనమామవి. భర్త వీరయ్య పోయాక స్టూడియో రోడ్డు మీద జొన్నరొట్టెల బండి పెట్టింది. లైట్లు మోసేవాళ్ళు, వ్యాను డ్రైవర్లు, పగలంతా పోలీసు వేషంలో నిలబడి ఒక్క మాటా లేక ఇంటికి పోయే చిన్న నటులు, అందరికీ ఆ రొట్టే మధ్యాహ్న భోజనం.

ఆమె నవ్వుకు పేరు రావడం వెనక ఒక కథ ఉంది. కొన్నేళ్ళ కిందట కాశీవిశ్వనాథంగారి కామెడీ సినిమాను విడుదలకు ముందు చిన్న హాల్లో వేసుకుని చూస్తున్నారు. కుర్చీలు ఖాళీగా ఉండటం నిర్మాతకు నచ్చదు కాబట్టి మేనేజర్ తిరుమలేశ్ రోడ్డు మీదికొచ్చి, "జర వచ్చి కూసో దేవమ్మా, సమోస ఇస్తరు" అని పిలిచాడు. సినిమావాళ్ళు చేతులు కట్టుకుని, డాక్టర్ ముందు కూర్చున్న రోగుల్లా చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు. సగం సినిమా అయ్యాక దేవమ్మ నవ్వింది.

ఆ నవ్వును చెప్పడం కష్టం. మొదట చప్పుడు ఉండదు. ఊపిరి ఆగిపోయిందేమో అని పక్కవాళ్ళు కంగారుపడేంతసేపు భుజాలు మాత్రం ఊగుతాయి. తర్వాత పాత ఆటో స్టార్టయినట్టు ఒక్కసారి అందుకుంటుంది. పక్కన ఎవరున్నా, నిర్మాత అయినా నటుడైనా, వీపు మీద రెండు దెబ్బలు పడతాయి. ఆ నవ్వు విని హాలంతా నవ్వింది. ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది.

అసలు సంగతేమిటంటే, ముందు వరుసలో ఒక విలన్ నటుడు నిద్రపోయాడు. తల వాలుతున్నకొద్దీ ఆయన విగ్గు చెవి మీదికి జారుతోంది. దేవమ్మ నవ్వింది దానికి. ఈ రహస్యం మనవరాలు మనోజకొక్కదానికే తెలుసు.

హిట్టయిన సినిమా మొదలుపెట్టిన రోజు వేసుకున్న చొక్కానే చిరిగేదాకా వేసుకునే ఊరు అది. దాన్ని సెంటిమెంట్ అంటారు. అలా మూడో వరుసలో మూల కుర్చీ దేవమ్మదైపోయింది. ఆమె నవ్విన చోటు ఉంచారు, ఆవలించిన చోటు కోశారు. దేవమ్మ కూడా ఈ గౌరవాన్ని మొహమాటం లేకుండా తీసుకుంది. బండి దగ్గర ఎవరైనా సినిమా గురించి వాదిస్తుంటే, రొట్టె తిరగేస్తూ, "మీరు ఊకోండ్రి, నేనింకా చూడలే" అనేది.

ఇక మనోజ. దేవమ్మ కొడుకు పృథ్వీరాజ్ స్టూడియో వ్యాను నడుపుతాడు, ఆయన కూతురు. ఇంటర్ రెండుసార్లు తప్పింది. మూడోసారి రాయమంటే, "వాళ్ళకూ నాకూ పడతలేదు" అంది. బ్యూటీ పార్లర్‌లో కొన్నాళ్ళు, సెల్‌ఫోన్ల దుకాణంలో కొన్నాళ్ళు చేసి మానేసింది. చివరికి కాశీవిశ్వనాథంగారి డబ్బుతో భావన అనే కొత్త డైరెక్టరమ్మ తీస్తున్న సినిమాలో దుస్తుల విభాగంలో చేరింది. అందులోనూ పిల్లకు అప్పజెప్పింది చెప్పులు.

"గింత సదివి చెప్పులు మోస్తున్నవా బిడ్డా?"

"ఎంత సదివిన్నో నువ్వే చెప్పు అవ్వా, ఇందాం."

దేవమ్మ ఆ సంగతి అక్కడితో వదిలేసేది.

అవే రోజుల్లో దేవమ్మ ఎడమకాలి చెప్పు పోయింది. పాతదే. బొటనవేలి దగ్గర తెగితే తనే నీలం దారంతో అడ్డదిడ్డంగా కుట్టుకుంది. అయినా ఆమె కాలికి అలవాటైన చెప్పు. గడప ముందు కుడిది ఉంది, ఎడమది లేదు. దేవమ్మ విచారణ జరిపి, పక్కింటి లీలాకుమారి కుక్క మీద నేరం మోపింది. ఆ కుక్కను పొద్దున లేవగానే తిట్టడం, లీలాకుమారితో మాట మానేయడం రెండూ ఒకే రోజు మొదలయ్యాయి.

"కుక్కే అయ్యుంటది అవ్వా" అంది మనోజ, చాలా గంభీరంగా.

"అయ్యుంటదేంది, అదే. నా కన్ను తప్పిపోతదా?"

ఎండాకాలం వచ్చేసరికి భావన సినిమా పూర్తయింది. ప్రివ్యూ రోజు దేవమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని తన మూల కుర్చీలో కూర్చుంది. కథ ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేసే అమ్మాయిది. ఆమెకు డిటెక్టివ్ కావాలని పిచ్చి. కానీ కేసులే దొరకవు. ఇంతలో వాళ్ళ కాలనీలో ఇళ్ళ ముందు విడిచిన చెప్పుల్లో ఎడమకాలివి మాత్రమే మాయమవుతుంటాయి. ఆ అమ్మాయి భూతద్దం, టేపు పట్టుకుని బయలుదేరుతుంది. ఎవరి పాదం కొలవబోతే వాళ్ళు తిట్టి పంపుతారు.

దేవమ్మ ముందుకు వంగి కూర్చుంది. సమోస చల్లారిపోయింది. మాటిమాటికీ నవ్వే దర్జీ ఒకడున్నాడు తెర మీద. వాడు కనబడినప్పుడల్లా ఆమె కళ్ళు చిన్నవయ్యేవి. కాశీవిశ్వనాథంగారు తెరను చూసినదానికంటే వెనక్కి తిరిగి దేవమ్మను చూసిందే ఎక్కువ. దేవమ్మ నవ్వలేదు. హీరోయిన్ నీళ్ళ ట్యాంకులో పడ్డప్పుడు నవ్వలేదు. పోలీసాయన రెండు కాళ్ళకూ కుడి చెప్పులే వేసుకొచ్చినప్పుడూ నవ్వలేదు.

చివరికి దొంగ హీరోయిన్ నాయనమ్మే అని తేలింది. మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునే ముసలమ్మ. మనవరాలు కేసు లేక దిగులుగా ఉంటే చూడలేక తనే ఒక కేసు తయారుచేసింది. లైట్లు వెలిగాయి. దర్జీ నిర్దోషి కావడం దేవమ్మకు అస్సలు నచ్చలేదు; ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆమె తెర వైపు చూడనే లేదు. మూతి బిగించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

బయట టీ తాగుతూ తలా ఒక మాటన్నారు.

"హీరో లేడు కదండీ, ఎవరిని చూసి విజిలెయ్యాలి?"

"పిల్ల మంచిగనే చేసింది అన్నా. గా చెప్పుల వాసన మాత్రం నాక్కూడా వచ్చినట్టయింది."

"డబ్బులు పెట్టి చెప్పులు చూస్తారాండీ జనం? గుడి ముందు ఊరికే కనబడతాయి."

చివరికి తిరుమలేశ్ గొంతు తగ్గించి అన్నాడు. "దేవమ్మ నవ్వలే."

అందరూ టీ గ్లాసులు కింద పెట్టేశారు.

మర్నాడు మనోజ ఇంటికొచ్చి రొట్టె ముట్టలేదు. ఆ పిల్ల రొట్టె ముట్టలేదంటే జ్వరమైనా ఉండాలి. దేవమ్మ నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు.

"ఏమైందే?"

"సినిమా కోస్తరంట. చెప్పుల కథ సగం తీసేసి, నలుగురు కామెడీవాళ్ళను, ఒక పాటను పెడ్తరంట. భావన మేడం ఏడుస్తుంది."

"నీకేమైంది దాంట్ల?"

"చివర్ల నా పేరు ఏసిండ్రు అవ్వా. నువ్వు చూడకుండనే లేచి వచ్చినవ్. చెప్పుల సీన్లే లేకపోతే చెప్పులదాని పేరెందుకు ఏస్తరు?"

దేవమ్మ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. ఈ పిల్ల పేరు ఇప్పటిదాకా తప్పినవాళ్ళ జాబితాలో తప్ప ఎక్కడా పడలేదు.

"నేను నవ్వకపోతే గింత అయితదా?"

"నువ్వు నవ్వకపోతేనే అయింది. ఎందుకు నవ్వలే నువ్వు? బాగలేదా?"

"బాగలేకేమే. నవ్వితే మాటలు ఇనబడవు కదా. గా దర్జీగాడు ఏడ దొరుకుతడా అని చూస్తున్న."

"అవ్వా, దర్జీ దొంగ కాదు."

"నువ్వు ఊకో. వాని మొకం చూసినవా?"

పిండి చేతులు కడుక్కుని దేవమ్మ ఆఫీసుకు నడిచింది. కాశీవిశ్వనాథంగారు కుర్చీ వేయించి కూర్చోబెట్టి, చెప్పిందంతా విన్నారు. ఆయన మర్యాదలో ఎప్పుడూ లోటుండదు.

"దేవమ్మగారూ, మీరు ఆలోచించారు. అదే నా భయం. జనం నవ్వడానికి వస్తారండీ, ఆలోచించడానికి ఇంట్లో బోలెడంత ఉంది."

"ఇంకోసారి ఎయ్యుండ్రి సారూ, చూస్త."

ఆయన కాసేపు ఉంగరం తిప్పుకున్నారు. "శుక్రవారం వేస్తాను. మీరు నవ్వితే ఒక్క ముక్క కొయ్యను. నవ్వకపోతే నన్నేమీ అనకూడదు."

శుక్రవారం దాకా షేక్‌పేట ఇంట్లో నవ్వు సాధన జరిగింది. దేవమ్మ ఎన్నడూ పని పెట్టుకుని నవ్విన మనిషి కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని, గోడకేసి చూస్తూ ప్రయత్నించింది.

"అవ్వా, ఇది నవ్వు కాదు, దగ్గు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు మేక."

మళ్ళీ ప్రయత్నించింది. లీలాకుమారి కుక్క లేచి వీధి చివరికి వెళ్ళి పడుకుంది. ఇక లాభం లేదని ఇద్దరికీ అర్థమైంది. "వస్తే వస్తది, లేకుంటే లేదు" అంది దేవమ్మ. కానీ ఆ పూట ఆమె కాల్చిన రొట్టెలన్నీ మాడాయి.

శుక్రవారం హాల్లో భావన చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మనోజ అవ్వ పక్కనే. సినిమా మొదలైంది. ఈసారి దొంగెవరో దేవమ్మకు తెలుసు. తెర మీది నాయనమ్మ, "ఏమే, చెప్పులు పోయాయటగా, ఎవరో పాపిష్టివాళ్ళు" అంటూ బియ్యం ఏరుతుంటే, దేవమ్మ పెదవులు కదిలాయి. "ఎంత నంగనాచి" అని గొణిగింది. లోలోపల నవ్వొస్తోంది. కానీ ఆ నవ్వుకు చప్పుడు లేదు. కాశీవిశ్వనాథంగారు వెనక్కి తిరిగి చూశారు, మళ్ళీ ముందుకు తిరిగారు. ఇంటర్వెల్‌లో ఆయన తిరుమలేశ్‌ను పిలిచి పాట రాసేవాళ్ళ గురించి అడిగారు. మనోజ చేతిని దేవమ్మ గట్టిగా పట్టుకుంది. 

చివరి ఘట్టం వచ్చింది. హీరోయిన్ నాయనమ్మ మంచం కిందికి దూరింది. లోపల చెప్పుల గుట్ట. ఒక్కొక్కటే బయటికి లాగుతోంది. మెరిసే చెప్పు, రబ్బరు చెప్పు, పెళ్ళికూతురి ఎత్తుమడమ చెప్పు. తర్వాత ఒక పాత చెప్పు తీసి తెర నిండా కనబడేలా ఎత్తిపట్టుకుంది. బొటనవేలి దగ్గర నీలం దారం, అడ్డదిడ్డంగా కుట్టు.

దేవమ్మ తల మెల్లగా మనోజ వైపు తిరిగింది. మనోజ తెరనే చూస్తోంది, బియ్యం ఏరుకునే ముసలమ్మ మొహంలాంటి మొహం పెట్టుకుని.

దేవమ్మ భుజాలు ఊగడం మొదలైంది. చప్పుడు లేదు. భావన భయపడి లేవబోయింది. అప్పుడు అందుకుంది ఆటో. మనోజ వీపు మీద దెబ్బలు పడ్డాయి, మామూలుగా పడేవాటికంటే కాస్త గట్టిగానే. దేవమ్మ కళ్ళు తుడుచుకుంటుంది, తెరను చూస్తుంది, మనవరాలిని చూస్తుంది, కుక్క గుర్తొస్తుంది, మళ్ళీ మొదలు. ముందు తిరుమలేశ్ నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది. చివరికి కాశీవిశ్వనాథంగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఏ మాటకమ్మా అంత నవ్వొచ్చింది?" అని అడిగారు లైట్లు వెలిగాక.

"అసలు దొంగ దొరికింది సారూ."

ఆయన భావన వైపు తిరిగి, "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను కదమ్మా, బలమంతా క్లైమాక్స్‌లోనే ఉందని" అన్నారు.

ఇంటిదారిలో దేవమ్మ ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కుక్కను ఎన్ని తిట్లు తిట్టిననే."

"మేడం పాతది ఒకటి కావాలన్నది అవ్వా. టోలిచౌకి బజార్ల అన్నీ కొత్తవే దొరికినయ్."

"అడిగితే ఇయ్యనా?"

"ఇస్తవు. ఇచ్చినట్టు బస్తీకంతా చెప్తవు."

"మరి ఏదీ ఇప్పుడు?"

"షూటింగ్‌లనే ఏడనో పోయింది."

ఆ పూట లీలాకుమారి కుక్కకు నెయ్యి రాసిన జొన్నరొట్టె దొరికింది. లీలాకుమారికి మాత్రం కారణం ఎవరూ చెప్పలేదు.

సినిమా విడుదలైన రోజు నానమ్మ, మనవరాలు జనం మధ్య కూర్చున్నారు. ఇంటర్వెల్‌లో వెనకనుంచి అభిప్రాయాలు వినబడ్డాయి.

"స్లోగా ఉంది మామా."

"నాకైతే మస్తనిపిస్తుంది. దొంగ ఆ దర్జీగాడే, రాసిపెట్టుకో."

దేవమ్మ గిర్రున వెనక్కి తిరిగి నోరు తెరిచింది. మనోజ ఆ నోట్లో పాప్‌కార్న్ పెట్టేసింది.

ఆట అయిపోయింది. తెర మీద పేర్లు పైకి జరగడం మొదలవగానే జనం లేచారు. వీపులు, తలలు, సెల్‌ఫోన్లు అడ్డమొచ్చాయి. తెర కనబడటం లేదు. దేవమ్మ లేచి నిలబడి, బండి దగ్గర అరిచే గొంతుతో అంది.

"కూసోండ్రి, అయిపోలే. ఇంకో చెప్పు దొరకలే."

జనం ఆగారు. "చివర్లో ఇంకో సీన్ ఉందంట" అన్నారెవరో. ఆ మాట ముందు వరుసలదాకా పాకింది. ఒకరిని చూసి ఒకరు కూర్చున్నారు. చీకట్లో అంతమంది ఎడమకాలి చెప్పు కోసం తెరకేసి కళ్ళు చికిలించి చూస్తుంటే, వాళ్ళ ముందునుంచి ఒక్కో పేరూ పైకి పోయింది. దేవమ్మకు అక్షరాలు ఒక్కొక్కటిగా మాత్రమే వచ్చు. వేలితో గాలిలో చూపిస్తూ చెప్పులు అన్న మాట పట్టుకుంది. పక్కనున్న పేరులో మ అంది, నో అంది, మూడోది చదివేలోపు అది తెర దాటిపోయింది. ఫరవాలేదు. మిగతాది ఆమెకు తెలుసు.

లైట్లు వెలిగాయి. వెనక కుర్రాడు ముందుకు వంగి అడిగాడు. "ఏదవ్వా చెప్పు? కనబడలే."

దేవమ్మ మనవరాలిని మోచేత్తో పొడిచింది.

"దీన్నడుగు బిడ్డా."