పాచి రంగు సొన

మా అమ్మ గుడ్డు పగలగొట్టి పెనం మీద పోసి, "ఒరేయ్, ఇట్రా" అని కేక పెట్టింది. ఆ కేకలో కోపం లేదు, భయం ఉంది. మా అమ్మ భయపడటం నేనెప్పుడూ ఎరగను. చేతిలో పలుపుతాడు అక్కడే పడేసి పరిగెత్తాను. పెనం మీద తెల్లసొన తెల్లగానే ఉంది. నడుమ పసుప్పచ్చగా ఉండాల్సింది మాత్రం నిలవనీటి మీద పాచి రంగులో ఉంది.

ఆ గుడ్డు నా భార్యకి. ఆమెకప్పుడు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి రోజుకో గుడ్డు, పూటకో గ్లాసు పాలు తప్పకూడదని ఒంగోల్లో లేడీ డాక్టరు గట్టిగా చెప్పింది. కోళ్లు దొడ్లోనే ఉన్నాయి. పాల కోసమని దసరా ముందే ఒక పాడిగేదెను కొన్నాం.

"ఎవురో ఏదో చేశార్రా" అంది అమ్మ.

"ఎవరూ ఏం చెయ్యలేదు. మందు" అన్నాను.

నాకు అనుమానమే లేదు. ఆ ఎనభైల్లో మా నల్లరేగడి ఊళ్లలో పత్తికి కొట్టే పురుగుమందు వాసన లేని వస్తువంటూ లేదు. పంచెలో అదే, పక్కబట్టల్లో అదే, మంచినీళ్ల బిందె దగ్గరా అదే. చదువుకున్న పెద్దమనుషులు జీపుల్లో వచ్చి, రంగురంగుల కాగితాలు పంచి, కొట్టండి కొట్టండి అని చెప్పి పోయేవాళ్లు. ఖాళీ డబ్బా కడిగి అందులో కందిపప్పు పోసుకోవద్దని చెప్పిన మగాడు ఒక్కడు లేడు. ఐదో తరగతితో బడి మానేసిన నేను, ఆ డబ్బాల మీది సన్నక్షరాలు కూడబలుక్కుని చదివి ఇంటింటికీ చెప్పాల్సొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నా భార్య వంటింటి గడప దాకా వచ్చి పెనంలోకి చూసింది.

"నిన్న ఉడకబెట్టింది కూడా లోపల నల్లంగా ఉందత్తా. ఉడుకెక్కువయిందేమో అనుకున్నా."

"మరి తిన్నావా?"

"తిన్నా. మొన్నది కూడా."

గోడకు ఆనుకుని కూచుని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ కలిపి నోటి దాకా తీసుకెళ్లినా తల తిప్పుకుంది.

తౌడు కుండలో మిగిలిన గుడ్లను టిఫిన్ క్యారేజీలో పెట్టుకుని ఒంగోలు బస్సెక్కాను. కుదుపులకి పగలకుండా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏంటయ్యా, అంత భద్రంగా పట్టుకున్నావ్?" అన్నాడు కండక్టరు.

"గుడ్లు."

"పొదుగుతున్నావా ఏంది?"

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దిగి, తిన్నగా నేను మందు కొనే కొట్టుకు పోయాను. బల్ల మీద ఒక గుడ్డు పగలగొట్టి, "దీనికేం సమాధానం చెప్తావ్?" అన్నాను. కొట్టాయన వంగి చూశాడు. ఏమాత్రం బెదరలేదు.

"మా మందు తిని ఇట్టాగయిందంటావా?"

"ఇంకెవడి మందు?"

"ఏమయ్యా, ఆ మందు తిన్న కోడి గుడ్డు పెట్టేదాకా బతుకుద్దా? బతికిందంటే, నాకు కల్తీ సరుకు అంటగట్టారని కంపెనీవోడి మీద నేనే కేసేస్తా!"

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ మాట తీసేసేదీ కాదు. మా కోళ్లు ఒక్కటీ తూలలేదు, ఒక్కటీ చావలేదు. నేను కదలకుండా నిలబడి ఉంటే ఆయనకే జాలేసింది. "పశువులాసుపత్రికి పో, డాక్టరు గారు ఉంటారు" అన్నాడు మెల్లగా.

ఆ డాక్టరు కుర్రవాడు. ఇంకో గుడ్డు గిన్నెలో పగలగొట్టి వెలుగులో పట్టి చూశాడు.

"మీ ఇంట్లో పత్తిగింజలు ఉన్నాయా?"

"గేదెకు నానబెట్టి రుబ్బి పెడతన్నామండీ."

"రుబ్బేటప్పుడు కోళ్లు ఎక్కడుంటాయి?"

అప్పుడు కళ్ల ముందు కనబడింది. రోలు చుట్టూ కోళ్లే. అమ్మ ఒక చేత్తో రుబ్బుతూ ఇంకో చేత్తో అదిలిస్తూనే ఉంటుంది, అవి చిందిన పిండి ఏరుకుంటూనే ఉంటాయి. పురుగులు తనను తినెయ్యకుండా పత్తిమొక్క తన గింజలో దాచుకునే విషం ఒకటి ఉందని, కోడి తింటే అది సొనలోకి దిగుతుందని, గుడ్డు నిలవ ఉన్నకొద్దీ రంగు ముదురుతుందని ఆయన విడమరిచి చెప్పాడు. రంగు మారినవి పారెయ్యండి, తిన్న రెండు మూడింటి వల్ల మనిషికేం కాదన్నాడు.

"అంటే మాకంటే ముందు ఆ దేవుడే పిచికారీ కొట్టి పంపాడన్నమాటండీ" అన్నాను. ఆయన నవ్వాడు. నాకూ ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

ఇంటికి వచ్చి పూసగుచ్చినట్టు చెప్పాను. "దొంగముండల్లారా!" అని అమ్మ కోళ్లని తిట్టి, వెంటనే తేలికపడిపోయింది. నా భార్య మాత్రం చివరిదాకా విని ఒక్క మాట అడిగింది.

"గేదె కూడా అదే తింటందిగా. మరి పాలో?"

ఆమె పక్కన పాలగ్లాసు పొద్దుటిది పొద్దుటున్నట్టే ఉంది, మీగడ కట్టి.

"అడగలేదా?"

"లేదే."

"అడిగిరా."

"రేపు పత్తి తీతకు కూలోళ్లొస్తార్రా, ఎల్లుండి ఎల్దువులే" అంది అమ్మ. నేను మొదటి బస్సుకే వెళ్లాను.

"ఇయ్యాల గుడ్లు తేలేదే?" అన్నాడు అదే కండక్టరు.

"ఇయ్యాల పాల సంగతి" అన్నాను. అతనికేం అర్థమైందో, టికెట్టు కొట్టి ఊరుకున్నాడు.

నన్ను చూసి డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఎవరి కోసమో అప్పుడు చెప్పాను. కుర్చీ చూపించి కూచోమన్నాడు. నెమరేసే పశువు పొట్ట వేరని, ఆ విషం అందులోనే విరిగిపోతుందని, మితంగా పెట్టినంత కాలం పాలకు భయం లేదని చెప్పాడు. "దూడకు మాత్రం ఆ గింజలు పెట్టకండి. దాని పొట్ట ఇంకా తయారవలేదు" అన్నాడు. లేవబోతుంటే, "ఇంకేమన్నా అడిగి రమ్మన్నారేమో గుర్తు చేసుకోండి, మళ్లీ బస్సెక్కాల్సొస్తుంది" అన్నాడు.

ఇంటికొచ్చి దూడ సంగతి చెబుతుంటే నా భార్య పాలు తాగింది, నెమ్మదిగా, గ్లాసు మీంచి నన్నే చూస్తూ.

ఆనాటి నుంచి రుబ్బేటప్పుడు కోళ్లు గంప కిందే. గుడ్ల మీద మాత్రం ఆమెకు గురి కుదరలేదు. పొద్దున్నే ఒకటి తీసి తెల్ల పింగాణీ గిన్నెలో పగలగొట్టి, ఎండలోకి తీసుకెళ్లి చూసేది. కాస్త మసకగా ఉన్నా దడి అవతల పారబోసేది. అమ్మ దండగ దండగని గొణిగేది. నెమ్మదిగా సొనలో పసుపు తిరిగి రావడం మొదలైంది. అయినా ఆ గిన్నె, ఆ ఎండ మానలేదు.

ఇప్పుడు ఏది విషమో చెప్పడానికి టీవీ నిండా మనుషులే. భయపెట్టి పోతారు, ఆ భయం తీరేదాకా పక్కన కూచునేవాడు ఒక్కడూ కనపడడు. ఆనాడు కడుపులో ఉన్న పిల్ల కూడా ఫోను చేసి, అది తినకు నాన్నా, ఇది తినకు నాన్నా అని నా మీద కేకలేస్తుంది. దాని మీద మాత్రం నాకు కోపం రాదు.

అప్పట్లోనే, పిల్ల ఇంకా కడుపులో ఉండగానే, ఒకరోజు పొద్దున చేలోంచి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నెలో గుడ్డు ఉడుకుతూ అంచుకు కొట్టుకుంటోంది. పింగాణీ గిన్నె బోర్లించి ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నా భార్య గుడ్డును చన్నీళ్లలో వేసి, పెంకు ఒలిచి, లోపలేం ఉందో విప్పి చూడకుండా సగం కొరికింది.

"అట్టా నిలబడకుండా ఆ ఉప్పు డబ్బా ఇటు అందుకోవయ్యా" అంది.