మొనాకో సందు బాకీ

ఆ రోజుల్లో, అంటే డెబ్బైలలో, గుణదలలో మా సందు ఒకే సాయంత్రం పోగొట్టుకున్నవి లెక్క వేస్తే ఇలా తేలుతుంది: నాయనమ్మ మంచి దుప్పటి ఒకటి (తెరగా కట్టి చింపేశాం), ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన మా చిన్నక్క గొంతు వారం రోజులు, క్రిస్మస్ రాత్రి చర్చిలో ఒక పాట, ఇవన్నీ కాక ఒక దేశం. ఆ దేశం మొనాకో.

దీనంతటికీ మూలం ఓడలో వంట చేసే మా బాబాయి. ఏదో రేవులో, టీవీలో పాటల పోటీ చూసొచ్చాడు. దేశానికొక పాట; ప్రతి దేశమూ మిగతా దేశాలకు మార్కులు వెయ్యాలి, తన పాటకు తాను వేసుకోకూడదు. ఆ పద్ధతి ఎంత నచ్చిందో, సెలవు అయిపోయేలోగా మా మూడు వీధులనూ మూడు దేశాలు చేసేశాడు. పోపుగారు ఉండేది అటే కదా అని కొండవీధి వాళ్ళు ఇటలీని ముందే పట్టుకుపోయారు. కాలవగట్టు వాళ్ళకు స్పెయిన్. మాకు మొనాకో మిగిలింది. "అదెంతుంటది బాబాయ్?" అంటే, "మన గుణదలంత కూడా ఉండదురా. అయినా రాజుంటాడు" అన్నాడు. మాలో ఎవరమూ టీవీ చూసి ఎరగం. అందుకని నేను కొత్తగా గుమాస్తాగా చేరిన ఆటోనగర్ స్పేర్ పార్టుల కొట్టు నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చి అడుగు ఊడగొట్టాను. పాడేవాళ్ళు అందులో తల పెట్టి పాడాలి.

మాకిదంతా నవ్వులాటే గాని, చిన్నక్కకు కాదు. గెలిచినవాళ్ళు క్రిస్మస్ రాత్రి ఒంటరిగా పాడతారని చర్చిలో పాటల మాస్టారు మాటిచ్చారు. అక్క ఏళ్ళ తరబడి రెండో వరసలో నిలబడి గుంపులో పాడుతున్న మనిషి. ఆ సాయంత్రం మా సందు తరఫున పెట్టెలోంచి పాడుతుంటే కాలవగట్టు పిల్లలు కూడా అల్లరి మానేశారు.

మార్కుల లెక్క నాది (బడిలో నేర్చింది తక్కువ, కొట్లో నేర్చింది ఎక్కువ). వీధికి పది మార్కులు. మిగతా రెండు వీధులకూ పంచాలి. కాలవగట్టు పెద్దాయన ఎవరి మనసూ నొప్పించకుండా అయిదూ అయిదూ అన్నాడు. కొండవీధి పెద్దావిడ లేచి, "మా పిల్ల పెళ్ళికి గిన్నెలన్నీ మీరే సర్దారు. మొనాకోకి ఏడండీ, స్పెయినుకి మూడు" అంది. మాకు పన్నెండు! ఇటలీకి ఇంకా అయిదే. మేం వాళ్ళకు ఆరు వేసినా అక్క గెలుస్తుంది.

మా తరఫున చెప్పాల్సింది నాయనమ్మ. ఆవిడకు ఇదంతా పోటీలా కాదు, పెళ్ళిలో చదివింపుల్లా వినబడింది.

"వాళ్ళు ఏడు పెట్టారుగా. మనం ఎనిమిది" అంది నాతో.

"నాయనమ్మా, ఎనిమిదేస్తే వాళ్ళకి పదమూడు. ఓడిపోతాం!"

"ఏడుకి ఏడిస్తే లెక్క తెంపుకున్నట్టుంటదిరా. ఒకటి కలిపివ్వాలి. రేపు వాళ్ళ గుమ్మం ముందు నుంచేగా నీళ్ళకి పోవాల?"

"మరి అక్క పాటో?"

నాయనమ్మ ఒక్క క్షణం ఆ చెక్కపెట్టె వైపు చూసింది. తర్వాత, అందరికీ వినబడేలా, "ఇటలీకి ఎనిమిదమ్మా!" అంది.

క్రిస్మస్ రాత్రి కొండవీధి అమ్మాయి పాడింది. చిన్నక్క రెండో వరసలోనే నిలబడింది. ఒంటరిగా పాడే అవకాశం తనకు మళ్ళీ రాలేదు. నాయనమ్మతో నేను నాలుగు రోజులు మాట్లాడలేదు. కూడికలు తప్ప ఇంకేమీ తెలియని నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

అయితే నాయనమ్మ లెక్కలోనూ ఒక లొసుగుంది. పదిలో ఎనిమిది ఇటలీకి పోతే, మాకు అయిదు పెట్టిన కాలవగట్టుకు మిగిలింది రెండే. ఆ వీధికే కోడలయ్యాక చిన్నక్క దాన్ని పట్టుకుంది. నేనెప్పుడు వెళ్ళినా మంచినీళ్ళ కన్నా ముందు అడుగుతుంది: "మా స్పెయిన్ బాకీ ఏదిరా?"

"మూడేగా అక్కా" అంటాను.

"ఒకటి కలపవా?" అంటుంది.

కలుపుతాను. నాలుగు.