మింగిన మాటల నోటుబుక్కు

నిన్న సాయంత్రం ఏడో తరగతి నోటుబుక్కులు దిద్దుతుంటే ఒకదాంట్లోంచి తడిసిన తునికాకు వాసన వచ్చింది. అట్ట మీద రమ్య అని పేరుంది. పేజీ తిప్పకముందే ఆ పిల్ల ఇంట్లో బీడీలు చేస్తారని తెలిసిపోయింది. ఆకును నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, దాని పక్కనే పిల్లల పుస్తకాలు పెట్టుకునే ఇళ్లు మా జగిత్యాల చుట్టూ చాలానే ఉన్నాయి. నోటుబుక్కును ముక్కు దగ్గర పెట్టుకున్న నన్ను చూసి పక్కనున్న లెక్కల సారు, "ఏంది మేడం, రుచి గిట్ల చూస్తున్నరా?" అన్నాడు. నవ్వేశాను. ఆ వాసన వెంటే కోరుట్లలోని ఒక ఫోన్ బూతు, దాని ముందు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, వాళ్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో జైనబ్ ఆపా, అంతా ఒక్కసారిగా వచ్చి నా బల్ల చుట్టూ కూర్చున్నారు.

బూతు అంటే ఫోన్ల బూతే. రెండో రకానిది ఆపా నోట నేనెప్పుడూ వినలేదు. ఉర్దూలో ఆపా అంటే అక్క. వాడకట్టు అంతటికీ, వయసుతో పని లేకుండా ఆమె ఆపాయే. పదో తరగతితో చదువు ఆగిపోయినా, గల్ఫ్ పోయినవాళ్ల భార్యల కోసం అక్కడి ఆఫీసులకు ఫోన్లు కలిపీ కలిపీ ఇంగ్లీషు పట్టేసింది. సెల్‌ఫోన్లు వచ్చి బూతు మూతబడ్డాక అదే గదిలో ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టింది. గాజు తలుపుల చిన్న గదినీ, అందులోని చచ్చిన ఫోన్‌నూ మాత్రం తీసెయ్యలేదు.

నేను అక్కడికి చేరింది పదిహేనేళ్ల కిందట. మాది సిరిసిల్ల. నాన్న సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా ఊళ్లో అలాగే అంటారు. ఆ మోతలో మాట వినబడదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. ఆ విద్య నాకు చిన్నప్పుడే వచ్చింది. ఎదుటివాళ్ల మాట కనబడేది గానీ నా మాట బయటికి వచ్చేది కాదు. చేతిలో బీఈడీ పట్టా ఉన్నా, ఇంగ్లీషులో నోరు తెరిస్తే బండి పట్టాలు తప్పేది. జగిత్యాలలో రెండు బడులకు డెమో క్లాసు చెప్పడానికి పోతే రెండుచోట్లా 'గుడ్ మార్నింగ్' దగ్గరే నాకు తెల్లారిపోయింది. మూడో డెమో పదిహేను రోజుల్లో ఉంది. అదీ పోతే లంగాలు కుట్టే మిషన్ ముందు కూర్చోవాలని ఇంట్లో తీర్మానమైంది. కుట్టుపని తక్కువదని కాదు, నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. కోరుట్లలో ఉండే చిన్నమ్మ నా బాధ చూడలేక నన్ను ఆపా ముందుకు తోసింది.

పరీక్ష పెడుతుందేమోనని టెన్సులన్నీ వల్లెవేసుకుని పోయాను. ఆపా ఒక ఖాళీ నోటుబుక్కు చేతిలో పెట్టింది.

"గీ వారంల ఎక్కడెక్కడ ఏం మాట మింగినవో రాస్కరా బేటీ. తెలుగుల్నే రాయి. ఇంగ్లీషు నేనిస్త."

"మింగుడేంది ఆపా?"

"చెప్పాలనుకుంటవ్ గని చెప్పవు సూడు, గది."

అక్కడ ఎవరి నోటుబుక్కు వాళ్లదే, ఒకరి పాఠం ఇంకొకరికి ఉండదు. మస్కట్ పోబోతున్న ప్లంబరు పుస్తకంలో 'ఈ పైపు నేను పగలగొట్టలేదు' అని ఉంటే, మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి పుస్తకంలో 'డాక్టరుగారూ, మీ రాత అర్థం కాలేదు' అని ఉండేది. ఆపా ఇచ్చిన ఇంగ్లీషు ముక్కను గాజుగదిలోకి పోయి, తలుపేసుకుని, చచ్చిన ఫోన్‌లో మూడుసార్లు చెప్పి రావాలి. బయటికి వినబడదు కనక నవ్వేవాళ్లు ఉండరు. పెదాలు చదవడం వచ్చిన నేను మాత్రం అన్నీ వినేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత నేను పది వాక్యాలు పట్టుకుపోయాను. నిజానికి అవి నేను మింగినవి కావు, వ్యాకరణం గైడు కక్కినవి. ఆపా కళ్లజోడు సవరించుకుని పైకి చదివింది. "'నది ఒడ్డున ఏనుగు స్నానము చేయుచున్నది.' అవు బేటీ, గీ వారం కోరుట్లల ఏనుగును ఎక్కడ చూసినవ్?"

చాటలన్నీ కదిలేలా నవ్వారు. అందరికంటే ముందు కూర్చునే లసుమక్క అయితే చేతిలోని బీడీ చూపిస్తూ, "నాది బీడీ, నీది బీఈడీ. నా దాంట్ల పొగన్న అస్తది చెల్లే" అంది. నాకూ నవ్వాగలేదు. ఆ గదిలో నేను మింగకుండా బయటపెట్టిన మొదటిది ఆ నవ్వే.

లసుమక్క మింగిన మాట మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆమె కూతురు అంజలి ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి. పిల్లకు ఎడమ చెవి వినబడదు. క్లాసు టీచరు కేరళ నుంచి వచ్చినామె, తెలుగు రాదు. ఆఖరి బెంచీలో కూర్చుని అడిగినదానికి బదులివ్వని పిల్లను చూసి మొద్దనుకుంది, మళ్లీ మూడులోనే కూర్చోబెడతామని ఆయా చేత కబురు పంపింది. శనివారం తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. "నా బిడ్డ మొద్దు గాదు. ఎడమ చెవి ఇనరాదు. ముందట కూసోబెట్టుండ్రి. గింతే చెల్లే, గిది జెప్పరాక రెండుసార్లు పోయి తిరిగచ్చిన."

ఇంగ్లీషులోకి మార్చే పని ఆపా నాకు అప్పగించింది. దొరికిందే అవకాశమని 'కైండ్లీ'లూ 'ఒబ్లైజ్డ్'లూ పెట్టి నాలుగు వరుసల వాక్యం అల్లి, గర్వంగా చదివి వినిపించాను.

లసుమక్క ఓపికగా విని, "గింత పొడుగు బీడీ ఎవలు తాగుతరు?" అంది.

"ఆమె ఒక్క బీడీ చుట్టేలోపు అయిపోవాలె" అంటూ ఆపా నా వాక్యాన్ని కత్తిరించింది. మై డాటర్ నాట్ డల్. లెఫ్ట్ ఇయర్ నో. ఫ్రంట్ బెంచ్ ప్లీజ్. ఆకు మీద తంబాకు పోసేటప్పుడు మొదటి ముక్క, చుట్టేటప్పుడు రెండోది, దారం కట్టేటప్పుడు మూడోది.

"ఆపా, మధ్యల 'ఈజ్' పోయింది."

"పిల్ల ఏడాది పోతున్నది బేటీ. నువ్వు 'ఈజ్' కోసం ఏడుస్తున్నవ్."

ఈ పద్ధతి ఆమెకు ఎవరు చెప్పారోనని నాకు ఒకటే ఆరా. బీఈడీలో పేజీలకు పేజీలు బోధనా పద్ధతులు చదివాను, ఇది ఎక్కడా లేదు. ఒకరోజు అడిగేశాను. ఆపా గాజుగది వైపు చూపించింది. "బూతు నడిచినప్పుడు రోజు సూసేదాన్ని. లోపట పది నిమిషాలు మాట్లాడెటోళ్లు, బయటికచ్చి తలకాయ కొట్టుకునెటోళ్లు. అసలు మాట చెప్పుడు మర్సిపోయిన ఆపా, అని. గా అసలు మాట నాకు చెప్పి పోయెటోళ్లు. నాకు జెప్తే దుబాయిల ఇనబడ్తదా? గప్పటి సంది లోపటికి పోకముందే కాయిదం మీద రాపిచ్చుడు పెట్టిన."

"మరి మీరు మింగిన మాటలు?"

"నాయా?" అని చున్నీ సర్దుకుంది. "గవ్విటికి నోటుబుక్కు సరిపోదు. నువ్వు రాసినవా చెప్పు, ఏనుగు గాకుండ?"

శనివారం లసుమక్కకు తోడు పోయాను. ఆమెకు నోరు పెగలకపోతే నేను చెప్పాలని ఒప్పందం. టీచరమ్మ రిజిస్టరులోంచి తలెత్తకుండా గబగబా ఏదో చెప్పుకుపోతోంది. లసుమక్క నావైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. మూడు వాక్యాలూ 'ఈజ్'తో సహా నా గొంతులోనే ఉన్నాయి.

అప్పుడు లసుమక్క వేళ్లు ఒళ్లో కదలడం చూశాను. చాట లేదు, ఆకు లేదు, అయినా చుడుతున్నాయి. దారం కట్టేలోపు మూడు ముక్కలూ వచ్చేశాయి. టీచరమ్మ తలెత్తింది. ఏ చెవి అని సైగతో అడిగితే లసుమక్క చూపించింది. ఆమె లేచి వెళ్లి, ఆఖరి బెంచీలో ఉన్న అంజలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కుడిచెవి తనవైపు ఉండేలా మొదటి బెంచీలో కూర్చోబెట్టింది. డైరీలో ఏదో రాసిచ్చింది.

"ఏం రాసింది చెల్లే?" అంది లసుమక్క గేటు దాటాక.

"సారీ అని రాసిందక్కా."

ఆమె డైరీని చాలాసేపు చేత్తో తడిమింది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వేంది మరి, ఫ్యాను రెక్కలు లెక్కవెడ్తున్నవా?" అంది.

ఆ సాయంత్రం నా నోటుబుక్కులో మొదటిసారి నిజం రాశాను. 'నాకు ఇంగ్లీషు వచ్చు. నలుగురి ముందు భయం. ఒక్క నిమిషం ఆగితే చెప్తాను.'

ఆపా చదివి, "ఏనుగు పోయింది" అంది. పక్కనే చిన్న చిన్న ముక్కల్లో ఇంగ్లీషు రాసిచ్చింది. గాజుగదిలోకి పోయి తలుపేసుకుని మూడుసార్లు చెప్పాను. ఫోన్ పెట్టేసి బయటికి చూస్తే గాజుకు అవతల ఆపా పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు గానీ నేను చదివాను. 'ఇంకోసారి.'

మూడో డెమోలో 'గుడ్ మార్నింగ్' తర్వాత నేను చెప్పింది ఆ మాటే. ఎదురుగా కూర్చున్నవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు, కానీ ఆగారు. నాకు పాఠం అందుకోవడానికి నిమిషం పూర్తిగా పట్టలేదు.

ఆపా పోయి కొన్నేళ్లయింది. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ డెమోతో దొరికిన బడి నుంచి నేను తర్వాత సర్కారు బడికి మారాను. ఏటా పిల్లలందరికీ ఖాళీ నోటుబుక్కులు ఇచ్చి, మింగిన మాటలు రాసుకురమ్మంటాను. కిరాణా కొట్టులో, బస్సులో, ఇంట్లో మింగినవి రాస్తారు. నా క్లాసులో మాత్రం ఎవరూ ఏదీ మింగరని ఇన్నేళ్లూ ధీమాగా ఉన్నాను.

నిన్న, తునికాకు వాసన పీల్చుకుని తీరిగ్గా రమ్య పేజీ తిప్పాను. 'టీచర్ మీరు ఇంగ్లీషు బాగా జల్ది చెప్తరు. నాకు సమజ్ కాదు. ఆగుమని అడుగుడు మింగిన. శాన సార్లు.'

ఎర్రపెన్ను తీసుకున్నాను. ఆ పిల్ల నోట్లో పట్టేంత చిన్న ముక్క కింద రాశాను. స్లో ప్లీజ్ టీచర్.

ఈ ఉదయం నోటుబుక్కులు తిరిగిచ్చేశాక పాఠం మంచి ఊపులో పడింది. బోర్డు మీద రాస్తూ నా ధోరణిలో నేను పోతున్నాను. వెనక ఎక్కడో సన్నగా, ఉందో లేదో అన్నట్టు ఒక గొంతు వినబడింది.

సుద్దముక్క కింద పెట్టి వెనక్కి తిరిగాను. రమ్య నిలబడి ఉంది. చేతిలో నోటుబుక్కు ఆ పేజీ దగ్గర తెరిచి ఉంది.

"ఇంకోసారి" అన్నాను.

ఈసారి ఆఖరి బెంచీ దాకా వినబడింది. బోర్డు తుడిచి, పాఠం మొదటినుంచి మొదలుపెట్టాను. మెల్లగా.