సగం నేసిన గుర్రం

మా ఇంట్లో బీరువా తలుపు తెరిస్తే మొదట కలరా ఉండల వాసన కొడుతుంది. అది కాస్త తప్పుకున్నాక, దాని వెనకే ఇంతసేపూ ఓపిగ్గా నిలబడి ఉన్నట్టు పట్టు వాసన వస్తుంది. ఉడికించిన పట్టు, కొత్త జరీ, మగ్గం గుంతలోని చల్లని మన్ను, అన్నీ కలిసిన వాసన. అది నా పెళ్లి చీరది. దాని కొంగు మీద ముందుకాళ్లు రెండూ గాల్లోకి లేపి నిలబడ్డ ఎర్ర గుర్రం ఉంటుంది. ధర్మవరం చీరల కొంగుల మీద హంసలు, నెమళ్లు, ఏనుగులు మర్యాదగా నడుస్తూ పోవడం అందరూ చూసిందే. అలా ఎగిరి నిలబడ్డ గుర్రాన్ని మాత్రం ఒక్క సంజీవప్ప తాత మగ్గమే నేసింది, దానికి కొంత కారణం నేను.

మొన్న ఆదివారం మా తమ్ముడి మనవరాలు చిన్ని ఫోను చార్జరు వెతుక్కుంటూ నా గదిలోకి వచ్చింది. ముందురోజే ఏదో ఫైటింగుల సినిమా రెండో భాగం చూసి వచ్చిందట. "మొదటిదే బాగుండాదవ్వా, ఇది వేస్టు" అని తీర్పు చెప్పేసి పోయింది. ఈ విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. రెండో భాగం వచ్చి మొదటి భాగాన్ని ఎలా పాడుచేయగలదో మా వీధి తెలుసుకున్నంత వివరంగా ఇంకే వీధీ తెలుసుకుని ఉండదు. తప్పు నాది కాబట్టి వివరాలన్నీ గుర్తున్నాయి.

డెబ్బైల్లో మా వీధిలో ఇంటికో మగ్గం ఉండేది, కొన్ని ఇళ్లలో రెండు. తెల్లారి నీళ్లు చల్లిన వాకిళ్ల మట్టి వాసన ఇంకా ఆరకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. ఎండాకాలం గాలి కూడా కాలిన పెనం మీంచి వచ్చినట్టుండేది గాని, నేసేవాళ్లు నడుం దాకా గుంతలో దిగి కూర్చునేవాళ్లు కాబట్టి వాళ్ల కాళ్లు మాత్రం చల్లగా ఉండేవి. పిల్లలం మధ్యాహ్నాలు ఆ గుంతల అంచున కూర్చుని అచ్చనగాయలు ఆడుకునేవాళ్లం, ఉగాదికి అమ్మలు చేసిన ఓళిగలు మూడు రోజులు దాచుకుని నాలుగో రోజు చీమలతో సహా తినేవాళ్లం. పెళ్లిళ్ల కాలం వస్తే మగ్గం దిగి వీధి మొహం చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకని మా వీధికి ఒక పద్ధతి ఉండేది. కొత్త సినిమా వస్తే అందరూ కలిసి ఒకరిని మ్యాట్నీకి పంపేవాళ్లు. ఆ ఒకరు వచ్చి, మూడు మగ్గాలున్న సంజీవప్ప తాత ఇంటి నడవలో కూర్చుని, సినిమాను రోజుకు కొంచెం చొప్పున చెప్పాలి. నేసేవాళ్లు నేస్తూ, ఆడవాళ్లు కండెలకు దారం చుడుతూ వినేవాళ్లు. సంజీవప్ప తాత వీధిలో అందరికన్నా పెద్ద నేతగాడు. ప్రేమ సన్నివేశాలు వింటూ నేసిన జానెడు గుడ్డ వదులుగానూ, ఫైటింగులు వింటూ నేసింది బిగువుగానూ వస్తుందని ఆయన వాదన. అందుకని ఆయనకు ఫైటింగు సినిమాలంటే గౌరవం.

మొదట్లో ఈ పని మా మామది. "వాడు వీణ్ని కొట్టినాడు, వీడు వాణ్ని కొట్టినాడు, పెండ్లయిపాయ" అని ఆయన మూడు గంటల సినిమాను పావుగంటలో ముగించేవాడు. వీధి ఓపిక పట్టి పట్టి, చివరికి ఎక్కాలు గడగడా చెబుతుందన్న ఒక్క కారణంతో ఆ ఉద్యోగం నాకిచ్చింది. నాకప్పుడు పదేళ్లు. తోడుగా మా అవ్వను పంపేవాళ్లు. అవ్వ టాకీసులో ఆడవాళ్ల బెంచీ మీద కూర్చోగానే నిద్రపోయేది, ఏ తుపాకీ మోతకూ లేచేది కాదు. అలా నేను ఏడాదిలోనే వీధిలో ముఖ్యమైన మనిషినయ్యాను. మా నాయన కంటే ముందు నాకు కాఫీ ఇచ్చేవాళ్లు.

అప్పుడొచ్చింది ఆ గుర్రం సినిమా. దాని అసలు పేరు మా వీధిలో ఎవరూ వాడలేదు. నలుపు తెలుపు బొమ్మ. ఒక గుర్రం, ఒక హీరో, ఊరి పొలాలన్నీ లాక్కున్న ఒక మీసాల జమీందారు. ఆఖరున జమీందారు గుర్రమెక్కి కొండల్లోకి పారిపోతున్నాడు, హీరో వెంటపడ్డాడు, కొండ అంచుకు వచ్చి హీరో గుర్రం ముందుకాళ్లు రెండూ లేపింది. సరిగ్గా అప్పుడే అవ్వ నిద్ర లేచింది.

"లెయ్యే. నీళ్లొచ్చే పొద్దు అయ్యింది."

ఆ ఏడూ వాన లేదు. వీధి కుళాయికి సాయంత్రం కాసేపే నీళ్లు వచ్చేవి. బిందె వరసలో మన వంతు తప్పితే మళ్లీ మర్నాడే. తుపాకీలకు లేవని అవ్వ ఆ నీళ్ల వేళకు మాత్రం గడియారంలా లేచేది. నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే తెర మీద గుర్రం ఇంకా కాళ్లు దించలేదు. ఆ తర్వాత మా ఇద్దరి వెనకా తలుపు తెర పడిపోయింది.

సినిమా పదకొండు రోజులు చెప్పాను. పన్నెండో రోజు గుర్రం కాళ్లు లేపిన చోటికి వచ్చాను. మూడు మగ్గాలూ ఆగిపోయాయి. కండెలు చుట్టే ఆడవాళ్ల చేతులు కూడా ఆగాయి. ఆ పరిస్థితిలో "తర్వాత నేను నీళ్లకు పోయినాను" అనడానికి చాలా ధైర్యం కావాలి. నా దగ్గర అంత లేదు. జమీందారు గుర్రం దిగి పరుగెత్తాడని, చీకట్లో ఒక పాడుబడ్డ బావిలో పడ్డాడని చెప్పాను. తన పొలాలకే నీళ్లన్నీ లాక్కోవడం వల్ల ఎండిపోయిన బావి అది. "నీళ్లుండింటే బతికిపోతాండె" అన్నాను.

సంజీవప్ప తాత గొంతు సవరించుకున్నాడు.

"ఆ గుర్రం ఏం రంగు, అమ్మీ?"

నలుపు తెలుపు సినిమాలో గుర్రం రంగు తెలుసుకునే మార్గం లేదు. "ఎరుపు" అన్నాను. ఒకసారి బావి తవ్వినవాళ్లకు గుర్రానికి రంగు వేయడం పెద్ద పని కాదు.

ఆ నెలలోనే ఆయన కొంగు మీద గుర్రాన్ని ఎక్కించాడు. అది ఊళ్లు తిరిగింది. గోరంట్ల నుంచి, మడకశిర నుంచి మనుషులొచ్చి, తాము ఏ సినిమా సంగతీ వినకుండానే, ఎర్ర గుర్రం చీర కావాలని అడిగేవాళ్లు.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మైకు కట్టిన జట్కా బండి మా వీధిలోకి వచ్చింది. దానికి రెండువైపులా కట్టిన బోర్డుల మీద ఆ గుర్రం సినిమా రెండో భాగం, అదీ రంగుల్లో. ఒకవైపు హీరో. రెండోవైపు, అంతే పెద్దగా, మీసాల జమీందారు.

ముందు చూసినవాడు ఓబులేసు. సంజీవప్ప తాత దగ్గర నేసే కుర్ర నేతగాడు. నా ఉద్యోగం మీద అతనికి ఎప్పటినుంచో కన్నుంది.

"ఏమ్మే, బాయిలో పడి సచ్చినాడంటివే. ఎవురు లేపినారు వాన్ని?"

"వాడు గాదు. వాని తమ్ముడు" అన్నాను. "కవలలు."

"రెండేండ్లకు గుర్తొచ్చినాడా తమ్ముడు?"

ఈసారి వీధి నన్ను పంపలేదు. వచ్చే అమావాస్యకు, అంటే మగ్గాలకు సెలవు రోజున, అందరూ కలిసి మ్యాట్నీకి పోయి తమ కళ్లతోనే చూడాలని తీర్మానించారు. ఆ తొమ్మిది రోజులూ నాకు కాఫీ నాయన తర్వాతే వచ్చింది. జమీందారుకు నిజంగానే ఒక తమ్ముడుండాలని ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

అమావాస్య నాడు వేయించిన శనక్కాయల మూటలతో మా వీధి టాకీసులో సగం నింపింది. సినిమా జైలు తలుపుతో మొదలైంది. తలుపు తెరుచుకుంది, జమీందారు తానే, తమ్ముడూ గిమ్ముడూ ఎవరూ లేకుండా, రెండేళ్ల శిక్ష ముగించుకుని బయటికొచ్చాడు. బావి ఊసే లేదు. తర్వాత హీరో గుర్రమెక్కి వచ్చాడు. గుర్రం బొగ్గులా నల్లగా ఉంది. మా వీధి తలలన్నీ చీకట్లో ఒక్కసారిగా నావైపు తిరిగాయి. సినిమా హాల్లో జనం తెర వైపు కాక నా వైపు చూడటం నా జీవితంలో ఆ ఒక్కసారే జరిగింది.

ఇంక సినిమా సంగతి. మొదటి దాంట్లో హీరో నాలుగు దెబ్బలు కొడితే నలుగురు పడేవాళ్లు, రెండో దాంట్లో ఒక్క దెబ్బకే నలుగురు పడ్డారు. పొదుపు మంచిదే గాని మిగతా ముగ్గురూ ఎందుకు పడ్డారో తెలియలేదు. మొదటి దాంట్లో ఉన్నవి రెండే గుర్రాలు, హీరో గుర్రం ఊపిరి కూడా వినిపించేది. ఇక్కడ పన్నెండు గుర్రాలు, ఒక్కదానికీ మొహం లేదు. హీరోకు పొట్ట వచ్చింది, ఆ బరువును గుర్రం ఫిర్యాదు లేకుండా మోసింది. చివర్లో జమీందారు పశ్చాత్తాపపడి హీరో చెల్లెలి పెళ్లిలో వడ్డన చేశాడు. ఆ రోజు అవ్వ జీవితంలో మొదటిసారి ఒక సినిమా మొత్తం మేలుకుని చూసింది. నీళ్ల వేళ వచ్చిందని ఆమెకు తెలుసు. కాని అందరూ కూర్చున్నారు కాబట్టి ఆమె కూడా కూర్చుంది. బయటికొచ్చేసరికి వీధి కుళాయి బంద్ అయిపోయింది. ఒక్క ఇంట్లోనూ ఒక్క బిందె నీళ్లు లేవు.

అవ్వ ఖాళీ బిందె చూసి, "ఈ సినిమా కడా సూసేదానికా నేను నీళ్లిడిసి కూసుండింది?" అంది.

మర్నాడు పొద్దున్నే, మొహాలు కూడా సరిగ్గా కడుక్కోని జనం సంజీవప్ప తాత నడవలో చేరారు. ఓబులేసు సూటిగా మొదలుపెట్టాడు.

"ఇంగ ఈ పాపతో చెప్పిచ్చేది వద్దు. నేను పోతా సినిమాకు. సూసింది సూసినట్టు చెప్తా."

మా నాయన నేల చూస్తున్నాడు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నీళ్లకు పోయినాం తాతా" అన్నాను. "మొదటిది కడాకు చూల్లేదు నేను. బాయి నేను పెట్టింది. రంగూ నేను పెట్టిందే."

సంజీవప్ప తాత గుంతలో కూర్చుని ఉన్నాడు. ఆయన మగ్గం మీద, మడకశిరలో ఒక పెళ్లికూతురికి పోవలసిన చీర, అమావాస్యకు ముందు ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఓబులేసూ, ఇట్ల రా. సూడు దీన్ని. ఎనకకాళ్లు, నడుము ఎర్రగా నేసినా. ముందుకాళ్లు, తల నల్లగా నెయ్యమంటావా?"

ఓబులేసు వంగి ఆ సగం గుర్రాన్ని చూశాడు.

"మడకశిరోళ్లు ఎర్ర గుర్రమే కావాలని చెప్పి పోయినారు. మనమందరమూ వాడు బాయిలో పడింది ఈ చెవులతో ఇన్యాం. నిన్నటిదా సినిమా? పెండ్లిలో వడ్డిచ్చినాడంట, దొంగనాకొడుకు." అడ్డపోగు విసిరే నాడె చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మీ, ఇంగ ఎప్పుడన్నా చూడకపోతే, చూల్లేదని ముందు చెప్పు. ఆ పైన నీ ఇష్టమొచ్చినట్ల చెప్పు. ఇప్పుడు కూసో. రెండోది సరిగ్గా చెప్పు. సచ్చినోన్ని మాత్రం లేపద్దు."

కాలేజీలో తర్వాత కథ ఎలా నడపాలో కొందరు పెద్దలు మూడేళ్లు నాకు చెప్పారు గాని, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

"నేను ఇది యాడా చూల్లేదు" అని ముందు చెప్పి, మొదలుపెట్టాను. విలన్ లేడు, చచ్చిపోయాడు. మిగిలింది ఎండిన బావి, హీరో, గుర్రం. శవాన్ని పైకి తీయడానికి హీరో తాడు పట్టుకుని బావిలో దిగాడు. అడుగున మట్టి తడిగా తగిలింది. ఇంక తవ్వడమే. హీరో తవ్వుతాడు, గుర్రం మట్టి గంపలు పైకి లాగుతుంది. దాంట్లో ఒక్క ఫైటింగు లేదు, అయినా బావి ఎన్ని మట్లు, అంటే ఎన్ని నిలువులు, లోతుకు పోయిందో, ఏ రాయి తగిలిందో అని మా వీధి రోజూ కొట్టుకుంది. ఆ వారం నేసిన గుడ్డంతా బిగువుగా వచ్చిందని సంజీవప్ప తాత ఒప్పుకున్నాడు. ఓబులేసు కూడా నాలుగో రోజు నుంచి తనకు తెలిసిన బావుల లోతులు చెప్పడం మొదలుపెట్టాడు.

ఎనిమిదో రోజు, నడవలో ఎప్పుడూ నోరు విప్పని మా నాయన అడిగాడు.

"నీళ్లు పడినాయా పాపా?"

మగ్గాలు ఆగాయి. వీధి చివర కుళాయి దగ్గర ఖాళీ బిందెలు వరసగా కూర్చుని ఉన్నాయి.

"నేను చూల్లేదు నాయనా" అన్నాను. "గుర్రం మాత్రం తడి కాళ్లతో వచ్చింది."

నాయన తల ఊపాడు. సంజీవప్ప తాత నాడె విసిరాడు. మర్నాటి నుంచి కాఫీ మళ్లీ నాకే ముందు వచ్చింది.

ఇప్పుడు ఆ నడవ లేదు. మగ్గం గుంతలు సిమెంటుతో పూడ్చేశారు, వాటి మీద మోటారు సైకిళ్లు నిలబడి ఉంటాయి. పక్క వీధిలో కరెంటు మగ్గాలున్నాయి గాని వాటి చప్పుడులో పక్కవాడికి టైమెంతో చెప్పాలన్నా అరవాలి. సినిమా చెప్పడం ఎవరి వల్లా కాదు. టాకీసు పెళ్లిళ్ల హాలైంది. సంజీవప్ప తాత నా పెళ్లికి చీర నేసి, ఆ తర్వాత కళ్లు కనబడక మగ్గం దిగాడు. ఆయన గుర్రం నా బీరువాలో ఉంది.

మొన్న చిన్నిని వెనక్కి పిలిచి ఇదంతా చెబితే, అది గంటలో ఆ మొదటి సినిమాను ఫోనులో పట్టేసింది. గీతలు పడిన పాత ప్రింటు. ఇద్దరం మంచం మీద కూర్చుని చూశాం. కొండలు వచ్చాయి. జమీందారు పారిపోయాడు. అంచుకొచ్చి గుర్రం ముందుకాళ్లు రెండూ లేపింది.

నేను లేచాను. "ఆపు. నీళ్లొచ్చే పొద్దు అయ్యింది."

"ఏందవ్వా, మిద్దె మీద ట్యాంకు ఉండాది. నీళ్లు ఎప్పుడూ వస్తానే ఉంటాయి. ఇంగ పది నిమిషాలే!"

వంటింట్లోకి పోయి కుళాయి తిప్పాను. చెంబు నిండేదాకా అక్కడే నిలబడ్డాను.

"అవ్వా, వాడేమైనాడో చూడవా?" అని గదిలోంచి అరిచింది.

"బాయిలో పడి సచ్చినాడు" అన్నాను.