లీవుకి ముడిపెట్టిన ఇంజెక్షన్

అక్టోబరు చివర మంచుకొండ మీది ఆర్మీ పోస్టుకి చేరాను. ఉదయం ఏడింటికి బయలుదేరితే ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. మంచు మోకాళ్లదాకా. మూడు బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి, పదకొండు మంది. నేను సిగ్నల్స్ హవల్దార్ని. రోజుకి మూడుసార్లు కింది బేస్‌తో రేడియోలో మాట్లాడటం నా పని.

లోపలి జేబులో, ప్లాస్టిక్ కవర్లో ఒక చీటీ ఉండేది. దానిమీద ఏప్రిల్ పన్నెండు అని రాసుంది. నాన్న తర్వాతి ఇంజెక్షన్ తారీకు.

నాన్న భిలాయ్ ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడే క్యాంప్ 2 అనే పేటలో ఉండేవాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకాక బయటపడింది. మగ హార్మోన్‌ని అణిచి ఉంచే ఇంజెక్షన్ వేయాలన్నారు. నెలకొకటి, మూడు నెలలకొకటి, ఆరు నెలలకొకటి ఉన్నాయి.

"మందు ఒకటే," అన్నాడు డాక్టరు. "మీకు తప్పకుండా కుదిరేది ఎంచుకోండి. తారీకు మాత్రం దాటనివ్వద్దు."

అదే ఊళ్లో సుపేలాలో ఉండే చెల్లి, "నెలనెలా నేను ఆటోలో తీసుకెల్తానన్నయ్యా" అంది. నేను ఆరు నెలలదే అన్నాను. నా సెలవు ఆరు నెలలకోసారి. మొదటిది దగ్గరుండి వేయించాను. రెండోదీ నేనే వేయించాలి. నాన్నకి సూది వేయించేది కొడుకే అనిపించుకోవాలన్న పట్టుదల.

"నేనొచ్చేదాకా ఎవరితోనూ వెళ్లకు నాన్నా."

"అలాగేలేరా. నువ్వొచ్చినాకే ఎల్దాం."

పోస్టులో నర్సింగ్ అసిస్టెంట్‌ది విజయనగరం వైపు. చీటీ చూసి నవ్వాడు. "ఏటన్నా, ఫౌజు లీవుని నమ్ముకుని మందెట్టుకున్నావా? మీ నాన్న రోగం కూడా లీవుకి అర్జీ ఎట్టిందేటి?"

నేనూ నవ్వాను.

ఏప్రిల్ మొదటి వారంలో మంచు తుఫాను. హెలికాప్టర్ లేదు. మా స్థానంలో రావలసిన దళం కిందే ఆగిపోయింది. రేడియోలో రోజూ ఒకటే మాట: "రిలీఫ్ ఆగింది. ఉన్నచోటే ఉండండి. ఓవర్."

పధ్నాలుగున శాటిలైట్ ఫోన్‌లో నా వంతు. మూడు నిమిషాలు.

"డేటు దాటిపోనాదన్నయ్యా. రమ్మంటే నాన్న కదల్డు. ‘ఆడొస్తాడు’ అంటాడు. నువ్వొక్క మాట చెప్పు," అంది చెల్లి.

"పది రోజులాగు. వచ్చేస్తున్నా."

నర్సింగ్ అసిస్టెంట్ పక్కనే ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. "మందు బలం తగ్గితే రోగం మళ్లీ లేస్తాదన్నా. చెల్లిని తీసుకెల్లమను."

మే మొదట్లో మళ్లీ నా వంతు వచ్చింది. నాన్నకి నడుం నొప్పి మొదలైందని చెల్లి చెప్పింది. మళ్లీ ఆగమన్నాను.

మే ఇరవైన కిందికి దిగాను. ఐదో రోజు దుర్గ్ స్టేషన్లో రైలు దిగాను.

వెన్నులో గడ్డ నరాన్ని నొక్కేసిందన్నాడు డాక్టరు. ఆలస్యం వల్లేనా అని అడిగాను. "అదొక్కటే అని చెప్పలేను. కానీ వేయించి ఉండాల్సింది." నాన్న ఆ ఏడాదే పోయాడు. పదోరోజున బంధువులు చెల్లిని అన్నారు, ఊళ్లో ఉండి ఒక్క సూది వేయించలేకపోయిందని. చెల్లి నావైపు చూసింది. నేను విస్తరి వైపు చూశాను. ఇన్నేళ్లూ ఆ మాట ఆమె మీదే ఉండిపోయింది. ఆగమన్నది నేను. రెండుసార్లు.

ఆ రోజు స్టేషన్ నుంచి నేను ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఉదయం తొమ్మిది. నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. "వచ్చీసావా. పద, ఎల్దాం." కాళ్లు కిందికి జార్చి, చెప్పులు తొడుక్కున్నాననుకుని, లేపమని నాకు చెయ్యి అందించాడు. కిందికి చూశాను. కుడి పాదం చెప్పు పక్కన, గచ్చు మీద ఉంది. ఆయనకి తెలియలేదు.